వేసవి పండ్లు, కూరగాయలు: ఎంపిక, వినియోగము

ఉగాది పచ్చడిలోని మామిడికాయ ముక్కలతో తెలుగువారి వేసవి ఆహారము ప్రారంభమగును. చైత్రము మొదలు జ్యేష్ఠము వరకు, తొలకరి పడువరకు, అంగళ్లలో పుచ్చకాయలు, ఖర్బూజాలు, తాటిముంజలు, మామిడిపండ్లు, పనసతొనలు, సపోటాలు, ఆ తరువాత నేరేడుపండ్లు ఒకదాని వెంట నొకటి వచ్చుచుండును. సొర, బీర, పొట్ల, దోస, దొండ, కాకర, బెండ, గుమ్మడి మొదలగు కూరగాయలును, తోటకూర, బచ్చలి, గోంగూర, చింతచిగురు మొదలగు ఆకుకూరలును ఈ కాలమున లభించును. ఉత్తరాదిన ఫాల్సాపండ్లు, మారేడుపండ్లు, బీహారులో లిచీపండ్లు, కొంకణ తీరమున కోకమ్ పండ్లు ఈ ఋతువునకు చెందినవే.

ఎండకు శరీరము చెమటరూపమున నీటిని కోల్పోవును. ఆకలి మందగించును. అట్టి సమయమున నీరు, జీవసత్వములు, ఖనిజ లవణములు గల పండ్లును కూరగాయలును శరీరమునకు మిక్కిలి మేలు చేయును. కాని పండును త్వరగా మాగించు ఎండయే దానిని త్వరగా కుళ్లించును. రోగములను కలిగించు సూక్ష్మక్రిములను వేగముగా వృద్ధిచేయును. అతిసారము, కలరా, సన్నిపాత జ్వరము, కామెర్లు మురికినీటివలనను, ఈగలవలనను, శుభ్రముకాని చేతులవలనను ఆహారమునుండి వ్యాపించును. మేలు చేయవలసిన పండు కీడు చేయకుండుటకు కొనుట, కడుగుట, కోయుట, వండుట అను నాలుగు పనులయందు శ్రద్ధ వహించవలెను. ఈ నాలుగును గృహస్థుని, గృహిణి చేతులలోనివే.

పోషక విలువలు

పుచ్చకాయలోను, దోసకాయలోను, సొరకాయలోను నూటికి తొంబది పాళ్లకు మించి నీరే యుండును. దాహము తీర్చుటకు, ఆహారమును తేలికపరచుటకు ఇవి తగినవి. అయితే ఇవి త్రాగునీటికి తోడు మాత్రమే కాగలవు గాని బదులు కాజాలవు.

మాగిన మామిడిపండు, పసుపు కండగల గుమ్మడి, తోటకూర, మునగాకు మొదలగు వానిలో కెరోటిన్ అను పదార్థము పుష్కలముగా గలదు. శరీరము దీనిని విటమిన్ ఎగా మార్చుకొనును. ఇది కొరవడినచో పిల్లలకు రేచీకటి కలుగును. లోపము తీవ్రమైనచో కనుచూపే పోవచ్చును. కావుననే మామిడిపండ్ల కాలమున పేదయింటి బిడ్డకు సయితము ఒక పండు లభించుట యెంతో అవసరము. అది లేనిచోట అతి చౌకగా దొరకు తోటకూర ఆ కొరతను చాలవరకు తీర్చును. కెరోటిన్ ఒంటబట్టుటకు కొంచెము నూనె గాని నేయి గాని అవసరము. ఆకుకూరకు పోపు పెట్టుట రుచికొరకు మాత్రమే కాదని దీనివలన తెలియుచున్నది.

పచ్చిమామిడి, నిమ్మ, ఆకుకూరలు విటమిన్ సిని ఇచ్చును. ఇది పంటి చిగుళ్లను కాపాడును. గాయములు మానుటకు తోడ్పడును. ఆకుకూరలలోను, పప్పులలోను గల ఇనుమును శరీరము గ్రహించుటకు సహాయపడును. రక్తహీనత అధికముగా గల మన దేశమున ఈ మూడవ ప్రయోజనము చిన్నది కాదు. ఆకుకూర పప్పులో నిమ్మరసము పిండుకొనుట, లేదా పచ్చిమామిడి ముక్క వేయుట తెలివైన పద్ధతి. భోజనమైన వెంటనే కాఫీగాని టీగాని త్రాగినచో ఇనుము సరిగా ఒంటబట్టదు. కొంతసేపు ఆగి త్రాగుట మంచిది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన ఆహార మార్గదర్శకములలో, దినమునకు 2,000 కెలోరీల ఆహారము తీసికొను పెద్దలకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు సూచింపబడినవి. నూరు గ్రాముల పండ్లనగా ఎక్కువ వ్యయముతో కూడినది కాదు. ఒక చిన్న మామిడిపండు, లేదా పుచ్చకాయ ముక్కలు కొన్ని చాలును.

కాలమున పండినదే ఏల కొనవలెను?

ఋతువున పండిన పంట విరివిగా వచ్చును గనుక చౌకగా దొరకును. సమీప గ్రామములనుండి వచ్చును గనుక దారిలో వాడిపోవు కాలము తక్కువ. కోసినది మొదలు ఆకుకూరలలోని విటమిన్ సి తగ్గుచునే యుండును. ప్రొద్దున కోసి మధ్యాహ్నమునకు వండిన తోటకూరలోని సారము, రెండు దినములు బుట్టలో వాడిన కూరలో నుండదు. దూరమునుండి వచ్చిన ఖరీదైన పండ్లకే బలమెక్కువయను భావము సరియైనది కాదు. విదేశపు ఆపిల్‌పండు కంటె ఊరి మామిడిపండులో కెరోటిన్ అనేక రెట్లు అధికము.

పండ్లను ఎన్నుకొనుట

మామిడి: బాగుగా ముదిరిన కాయకు తొడిమ ప్రక్కన భుజములు నిండుగా నుండును. మాగిన పండునకు తొడిమవద్ద తియ్యని వాసన వచ్చును. వ్రేలితో మెల్లగా నొక్కినచో కొంచెము లొంగును. రంగు మాత్రమే చూచి కొనరాదు. బంగినపల్లి మాగినపుడు పసుపు వన్నెకు వచ్చును. కాశీ ప్రాంతపు లంగ్రా మాగినను పచ్చగానే యుండును. తొడిమనుండి కారు సొన కొందరికి నోటివద్దను, చర్మముపైనను పొక్కులు కలిగించును. తినుటకు ముందు పండ్లను కొంతసేపు నీటిలో వేసి, తొడిమవద్ద కడిగి, ఆ భాగమును కోసివేయు ఆచారము ఆరోగ్యకరమైనది.

పుచ్చకాయ: పరిమాణమునకు తగిన బరువు గలదిగాను, నేలకు ఆనిన మచ్చ తెలుపుగా గాక పసుపుగా నున్నదిగాను చూచుకొనవలెను. తట్టినపుడు బొంగురు ధ్వని వచ్చునది మంచిది. పగులు, మెత్తని మచ్చ గలదానిని కొనరాదు.

ఖర్బూజా: మంచి పరిమళము గలిగి, తొడిమ తనంతట విడివడిన గుర్తు గలది మాగినదని గ్రహింపవలెను. దీని గరుకు తొక్కలో మట్టి, సూక్ష్మక్రిములు చిక్కుకొనియుండును. కడుగక కోసినచో కత్తి వానిని లోపలి కండలోనికి చేర్చును.

తాటిముంజలు: తాటికాయను కొనువాని యెదుటనే చెక్కించుకొనుట మేలు. ముంజ లేతదై, వ్రేలితో నొక్కిన మెత్తగా నుండి, లోన తియ్యని నీరు గలదిగా నుండవలెను. ముదిరి గట్టిపడినది జీర్ణము కాదు. ఒలిచి గంటలతరబడి బుట్టలో నుంచినది పులిసిపోవును.

నేరేడుపండ్లు: నల్లగా నిగనిగలాడుచు, పగులకయుండవలెను. ఇవి చెట్టునుండి నేలరాలునవి గనుక రెండుమూడుసార్లు కడిగి గాని తినరాదు.

కృత్రిమముగా మాగించిన పండ్లు

ధరలు హెచ్చుగా నుండు తొలిరోజులలో కొందరు వర్తకులు ముదురని కాయలను కాల్షియమ్ కార్బైడుతో మాగింతురు. కార్బైడునకు తేమ తగిలినచో ఎసిటిలీన్ వాయువు వెలువడి కాయపై రంగు తెచ్చును. వ్యాపారమున దొరకు కార్బైడులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ సంబంధమైన విషపదార్థములు స్వల్పముగా కలసియుండును. ఇది దాహము, నోటిమంట, మ్రింగుటయందు బాధ, వాంతులు, చర్మముపై పుండ్లు కలిగింపవచ్చును. దానిని చేతితో ముట్టు కూలీలకు సయితము హానికరము. ఆహార భద్రత, ప్రమాణముల చట్టము క్రింద 2011లో వెలువడిన నిబంధనలు దీని వాడుకను నిషేధించినవి. తగిన గదులలో ఎథిలీన్ వాయువును మితముగా, గాలిలో పదిలక్షల పాళ్లకు నూరు పాళ్లకు మించకుండ వాడి మాగించుటకు అనుమతి కలదు. కాయ తనంతట మాగునపుడు విడుచు వాయువు కూడ ఎథిలీనే.

రాశిలోని పండ్లన్నియు ఒకే తీరున పసుపు రంగెక్కి, వాసన లేక, కోసినపుడు లోన గట్టిగాను పుల్లగాను ఉన్నచో అనుమానింపవలెను. కాలమునకు మిక్కిలి ముందుగా వచ్చిన పండ్లను కొనకుండుటయే మేలైన జాగ్రత్త. ముదిరిన కాయలను కొని యింటివద్ద వరిగడ్డిలో మాగవేసికొనుట మన పెద్దల పద్ధతి. కాగితపు సంచిలో కాయలతోపాటు ఒక మాగిన అరటిపండు నుంచినను అది విడుచు ఎథిలీన్ వలన కాయలు త్వరగా మాగును.

కూరగాయలను ఎన్నుకొనుట

బెండకాయ కొనను విరిచినచో పుటుక్కున విరుగవలెను. సొర, బీరలపై గోరు సులభముగా దిగవలెను. దొండకాయ లోపల ఎర్రబడినచో పండుచున్నదని అర్థము. వంకాయకు తొడిమ పచ్చగాను, తొక్క నిగనిగలాడుచును ఉండవలెను. పుచ్చురంధ్రములు లేకుండ చూడవలెను. ఆకుకూరలు నిటారుగా, తడి నిగారింపుతో నుండవలెను. పసుపుబారిన ఆకులు గలవి, మురుగునీటి కాలువలవద్ద పెరిగినవి, ఆ నీటితోనే కడిగినవి కొనరాదు. ఆకుపై చిన్న పురుగుకాటు కనిపించినంత మాత్రమున దానిని త్రోసివేయ నక్కరలేదు. కడిగి, చెడిన భాగమును తీసివేసి వాడవచ్చును.

బెండ, కాకర, మిరప మొదలగు వానికి మిక్కిలి పచ్చదనము కనబడుటకై మాలకైట్ గ్రీన్ అను అద్దకపు రంగు పూయు దుష్టాచారము కలదు. లిక్విడ్ పారఫిన్‌లో తడిపిన దూదితో కాయను రుద్దినచో, దూది పచ్చబడిన యెడల రంగు పూసినదని తెలియును. అట్టి సరకును గూర్చి ఆహార భద్రతాధికారులకు తెలుపవలెను.

ఒక ముఖ్యమైన హెచ్చరిక గలదు. సొర, దోస, బీర జాతి కాయలు ఒక్కొకప్పుడు చేదుగా నుండును. ఆ చేదునకు కుకుర్బిటాసిన్ అను విషపదార్థము కారణము. ఆరోగ్యమునకని చేదు సొరకాయ రసము త్రాగి కడుపునొప్పి, వాంతులు, రక్తవాంతులతో ఆసుపత్రి పాలైనవారు, మరణించినవారు కూడ కలరు. ఈ విషయమును పరిశీలించిన భారత వైద్య పరిశోధనా మండలి నిపుణుల సంఘము చేదు సొరకాయ రసము త్రాగరాదని హెచ్చరించినది. దీనికి విరుగుడు మందు లేదు. కాయను కోసిన వెంటనే ఒక చిన్న ముక్కను నాలుకకు తాకించి, చేదైనచో ఉమిసి, కాయను పారవేయవలెను. వండిన మాత్రమున ఆ దోషము పోదు. కాకరకాయ చేదు వేరు. అది దాని సహజ గుణము.

కడుగుట, కోయుట

ముందుగా చేతులను సబ్బుతో కడుగుకొనవలెను. పండ్లను, కాయలను కోయకముందే ధారగా పోయు శుభ్రమైన నీటిలో రుద్ది కడుగవలెను. తొక్క తీసి తినునవి సయితము కడుగవలసినవే. సబ్బు, డిటర్జెంటు పొడి వాడరాదు; అవి తొక్కలోనికి ఇంకును. ఆకుకూరలను వెడల్పైన పాత్రలోని నీటిలో ముంచి, మట్టి అడుగునకు దిగినపిదప పైకి తీసి, నీరు మార్చి మరల రెండుసార్లు కడుగవలెను. కడుగుటవలన పైనున్న మట్టి, క్రిములు, పురుగుమందుల అవశేషములు కొంతవరకు పోవును.

కోసినపిదప కడుగుట పొరపాటు. ముక్కలనుండి విటమిన్ సి, ఖనిజ లవణములు నీటిలో కరిగి వ్యర్థమగును. చేపలు, మాంసము కోసిన కత్తితోను, పలకమీదను పండ్లు కోయరాదు. తప్పనిసరియైనచో సబ్బుతో కడిగిన తరువాతనే వాడవలెను.

కోసి అమ్ము పండ్లు, రసములు

బస్సు నిలుచుచోట్ల, బడుల ముంగిట, సంతలలో కోసి పరచిన పుచ్చకాయ ముక్కలు, మామిడి ముక్కలు ఎండలో దాహముగొన్నవారిని ఆకర్షించును. పండు తొక్కతో నున్నంతవరకు ఆ తొక్కయే దానికి కవచము. కోసిన క్షణమునుండి తియ్యని తడి కండపై ఈగలు, దుమ్ము, చేతుల మురికి చేరును. వేసవి వేడిలో ఆ క్రిములు గంటలలో అనేక రెట్లగును. రంగు చెడకపోవచ్చును, రుచి మారకపోవచ్చును. అయినను ఆ ముక్క తిన్న బిడ్డకు రాత్రికి వాంతులు, విరేచనములు పట్టుకొనవచ్చును.

పండ్లరసములలో వేయు ఐసు మరియొక ప్రమాదము. చేపలను నిలువచేయుటకు తయారగు ఐసునకు మంచినీరు వాడినారను నమ్మకము లేదు. గడ్డకట్టినంతమాత్రమున నీటిలోని క్రిములు చావవు. రసము కావలసినవారు పండును తమ యెదుట కడిగించి, కోయించి, ఐసు లేకుండ త్రాగుట మంచిది. మరియు మేలైనది మొత్తము పండును కొని యింటివద్ద తినుట. రసము తీసి వడకట్టినచో పీచుపదార్థము పోవును, పైన చక్కెర చేరును.

వండు విధము

కూరగాయలను వండుటకు కొద్దిసేపు ముందు మాత్రమే, కొంచెము పెద్ద ముక్కలుగా కోయవలెను. తగినంత నీరు మాత్రమే పోసి, మూతపెట్టి, మెత్తబడువరకే ఉడికించవలెను. ఉడికించిన నీటిని పారబోయక పప్పులోగాని చారులోగాని కలుపవలెను. ఆకుకూర పచ్చగా నుండవలెనని వంటసోడా వేయుదురు. దానివలన జీవసత్వములు నశించును. మరల మరల వేడిచేయుటవలన కూడ అట్టి నష్టమే కలుగును.

దోస, ముల్లంగి, ఉల్లి, టమాటా బాగుగా కడిగినచో పచ్చిగా తినవచ్చును. కోసిన పచ్చి ముక్కలను ఒక భోజనమునకు సరిపడునంత మాత్రమే తయారుచేయవలెను.

ఈ కాలముననే తెలుగు ఇండ్లలో ఆవకాయ, మాగాయ పెట్టుట, మామిడి తాండ్ర పోయుట ఆచారము. ఉప్పు, నూనె, ఆవపిండి పచ్చడిని చెడకుండ నిలుపును. అయితే పెద్దలకు దినమునకు అన్ని వంటకములలో కలిపి 5 గ్రాములకు మించి ఉప్పు పనికిరాదు. ఊరగాయ అన్నమునకు రుచినిచ్చునదే గాని కూరకు బదులు కాదు. రక్తపుపోటు గలవారు దానిని మిక్కిలి తగ్గింపవలెను.

నిలువచేయుట

మాగని మామిడికాయలను, అరటికాయలను శీతల పెట్టెలో నుంచరాదు. అవి సరిగా మాగవు, నల్లబడును. ఆకుకూరలను తడిగుడ్డలో చుట్టి నీడలో నుంచి, ఆ దినముననే వాడవలెను. కోసిన పండును, వండిన కూరను రెండు గంటలకు మించి బయట నుంచరాదు. మండువేసవిలో ఇంకను ముందుగానే తినవలెను. శీతల పెట్టెలో నుంచినపుడు మూత తప్పక ఉండవలెను.

విద్యుత్తు లేని ఇండ్లకు న్యూఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థవారు ఒక సులభ సాధనమును రూపొందించిరి. ఇటుకలతో రెండు వరుసల గోడలు కట్టి, నడుమ ఇసుక నింపి, ఇసుకను ప్రతిదినము తడుపుచు, పైన గడ్డితో అల్లిన మూత వేయుదురు. నీరు ఆవిరియగుటవలన లోపల చల్లబడి కూరగాయలు కొన్ని దినములు వాడకయుండును. కుండలోని నీరు చల్లబడుటకు గల కారణమే ఇచ్చటను పనిచేయును.

పసిపిల్లలు, రోగులు

ఆరు నెలలు నిండువరకు శిశువునకు తల్లిపాలు మాత్రమే ఇయ్యవలెను. ఎండకాలమని నీరుగాని పండ్లరసముగాని పట్టరాదు. తల్లిపాలలోనే తగినంత నీరు కలదు. ఆరు నెలలు నిండినపిదప ఇతర ఆహారముతోపాటు మెత్తగా చిదిమిన మామిడిపండు, ఉడికించిన గుమ్మడి, పప్పులో మెదిపిన ఆకుకూర పెట్టవచ్చును. ద్రాక్షపండ్లు, గింజలు గల పండ్లు గొంతులో అడ్డుపడును గనుక చిన్నపిల్లలకు గింజలు తీసి, చిన్న ముక్కలుగా చేసి, దగ్గర కూర్చుండి తినిపింపవలెను.

పండు భోజనమునకు బదులు కాదనుటకు బీహారులోని ముజఫర్‌పూర్ ఉదంతము నిదర్శనము. అచ్చట వేసవిలో పిల్లలకు అకస్మాత్తుగా మూర్ఛలు వచ్చి మరణములు సంభవించుచుండెను. 2014లో పరిశోధన జరుపగా, రాత్రి భోజనము చేయక లిచీపండ్లు తిన్న పిల్లలకు ఆ ప్రమాదము అధికమని, ఆ పండ్లలోని ఒక పదార్థము రక్తములోని చక్కెరను మిక్కిలి తగ్గించునని తేలినది. దోరకాయలలో ఆ పదార్థము హెచ్చు. లిచీపండ్ల కాలమున పిల్లలను ఖాళీ కడుపుతో నిద్రపుచ్చరాదు. రాలిన కాయలను, దోరకాయలను తిననీయరాదు.

మధుమేహము గలవారు పండ్లను పూర్తిగా మానవలసిన పనిలేదు. కాని రసము త్రాగక, వైద్యుడు సూచించిన మితములో పండునే తినవలెను. మూత్రపిండముల వ్యాధి గలవారికి పొటాషియమ్ హెచ్చుగా గల కొబ్బరినీరు, కొన్ని పండ్లు హాని చేయవచ్చును గనుక వైద్యుని సలహా తప్పనిసరి.

వాంతులు, విరేచనములు కలిగినచో

వెంటనే ఓ.ఆర్.ఎస్. పొట్లము పొడిని ఒక లీటరు శుభ్రమైన నీటిలో కలిపి కొంచెము కొంచెముగా త్రాగింపవలెను. 24 గంటల తరువాత మిగిలినదానిని పారబోయవలెను. పొట్లములు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునందును, ఆశా కార్యకర్తవద్దను ఉచితముగా లభించును. చక్కెర కలిపిన పండ్లరసములు దీనికి బదులు కావు. తల్లిపాలు మానరాదు. పిల్లలకు వైద్యుని సలహాపై 14 దినములు జింకు మాత్రలు ఇయ్యవలెను. కన్నులు గుంటలు పడుట, మగతగా నుండుట, మూత్రము రాకుండుట, విరేచనములో రక్తము పడుట కనిపించినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చవలెను.

జ్ఞప్తియందుంచుకొనవలసినవి

1. ఋతువున పండినదానిని, సమీపమున పండినదానిని కొనవలెను.
2. కాలమునకు ముందు వచ్చిన పండ్లను, ఒకే తీరున రంగెక్కి వాసన లేని పండ్లను మానవలెను.
3. కడిగి కోయవలెను, కోసి కడుగరాదు.
4. చేదైన సొర, దోస, బీర కాయలను పారవేయవలెను.
5. కోసి బయట పెట్టిన పండ్లను, నమ్మకములేని ఐసును ముట్టరాదు.
6. తక్కువ నీటిలో, మూతపెట్టి, తగినంతసేపే వండవలెను.
7. పండును భోజనముతోపాటు తినవలెను గాని భోజనమునకు బదులుగా కాదు.

ఇంటి పెరటిలో వాడుకనీరు పారుచోట ఒక సొరపాదు, ఒక బీరపాదు, ఒక మడి తోటకూర వేసికొన్నచో సగము చింత తీరును. పాదును పందిరికి ప్రాకించి, ఆ నీటిని పాదు మొదట మాత్రమే పోయవలెను. ఆకుకూర మడికి మంచినీరు చల్లవలెను. అప్పుడు కాయ ఎప్పుడు కోసినది, ఏ నీటితో పెరిగినది అను సంశయముండదు; కోసిన గంటలోనే అది కుటుంబము విస్తళ్లలోనికి చేరును.